వాడిన కొత్తిమీర

మంగళవారం గంప వచ్చింది, మామ్మ రాలేదు. గంప మోసుకొచ్చిన ఆమె కోడలు దాన్ని మా గుమ్మంలో దించి, "మా అత్త పోనాదమ్మా. శుక్రవారం తెల్లారగట్ట, నిద్దట్లోనే" అంది. తోటకూర ఏరుకోవడానికి వంగినదాన్ని అలాగే ఉండిపోయాను.

బొబ్బిలిలో మా వీధికి ఇరవై ఏళ్లుగా ఆకుకూరలు తెచ్చిన మనిషి. అందరికీ కూరలమామ్మే. ఊరి చివర పారే గెడ్డ ఒడ్డున ఆమెకు నాలుగు మళ్లుండేవి. కోసిన కూర గంపలో పేర్చి, తడిగుడ్డ కప్పి, దారి పొడుగునా గెడ్డనీళ్లు చిలకరిస్తూ వచ్చేది. ఎండెక్కినా ఆమె కొత్తిమీర అప్పుడే కోసినట్టుండేది.

ఎనిమిదేళ్ల క్రితం, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి కామెర్లు వచ్చాయి. వైరస్ వల్ల, తిండి ద్వారానో నీళ్ల ద్వారానో సోకి ఉంటుందని డాక్టరు అన్నారు. ఇంట్లో రోజూ ఏం వండానో పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. నెల రోజులు వెనక్కి తిరగేస్తే ఉడికించనిది ఒక్కటే కనిపించింది, పచ్చి కొత్తిమీర పచ్చడి. ఉప్పునీళ్లలో నానబెట్టి మూడుసార్లు కడిగాను కదా, ఇక తప్పు గెడ్డనీళ్లదే అనుకున్నాను. మర్నాడు వీధిలో, నలుగురి ముందు మామ్మను నిలదీశాను.

ఆమె కోప్పడలేదు. "నాను ఆ నీలే తాగి పెరిగినాను తల్లీ. నాకు తెలీదు" అంది. గంప ఎత్తుకుంటూ, "పిల్ల ఏటి తింతన్నాది?" అని అడిగింది.

వారం తర్వాత మళ్లీ వచ్చింది. గంప మీద తడిగుడ్డ లేదు. ఇంటి దగ్గరే బోరునీళ్లతో కడిగి, ఆరబెట్టి తెచ్చింది. ఆ రోజు నుంచి దారిలో చుక్క నీళ్లు చల్లలేదు. మా వీధికి చేరేసరికి కట్టలు తలలు వాల్చేసేవి.

"ఏటి మామ్మా, నీ కూర నీకంటే ముందే ముసిలైపోనాది?" అని ఎదురింటావిడ ఏడిపించేది.

"ముసిలిదైనా మీ అత్తలాగ నోరెట్టదు గదే, తీస్కో."

కోలుకున్నాక మా అమ్మాయి డిగ్రీలో మైక్రోబయాలజీ తీసుకుంది. ఒక సెలవులో అరుగు మీద మామ్మ పక్కన కూర్చుని తను చదివింది చెప్పింది. ఆకు మీద కంటికి కనబడని సూక్ష్మజీవులు బోలెడు కాపురముంటాయట. చాలావరకు మనల్ని ఏమీ చెయ్యవు. కొన్ని జిగురు పొరలు అల్లుకుంటాయి. కామెర్ల వైరస్ ఆకు మీద పెరగదు గాని, ఆ పొరల్లోనో ఆకు ముడతల్లోనో అంటుకుని ఉండిపోగలదు. ఎంత కడిగినా కొంత మిగలొచ్చు. బాగా ఉడికిస్తే పోతుంది.

మామ్మ అంతా విని, "అంటే పిలవని సుట్టం ఇంటోల దుప్పట్లో దూరి తొంగున్నాడన్నమాట" అంది. అమ్మాయి పడీపడీ నవ్వింది. అప్పటి నుంచి కొత్తిమీర కొన్నవాళ్లందరికీ మామ్మ ఒకటే మాట చెప్పేది: "కడగడం నీ సేతిలో ఉన్నాది, దాన్ని సంపడం నిప్పు సేతిలో ఉన్నాది. ఉడకెట్టుకో."

ఆ సెలవులోనే పాత పుస్తకం మళ్లీ తీశాను. అదే నెలలో రెండు రోజుల దగ్గర "వంట లేదు, పెళ్లి" అని ఉంది. అక్కడ పిల్ల ఏం తిందో, ఏ నీళ్లు తాగిందో నేను రాయలేదు. రాయలేదు కనుక చూడనూ లేదు. "ఎక్కడ అంటిందో ఇప్పుడెవరూ చెప్పలేరమ్మా" అంది అమ్మాయి.

ఆ మాట మామ్మకు చెప్పాలనుకున్నాను. నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురిలోనే చెప్పాలి. రేపు చెబుదామనుకుంటూ రోజూ వాడిన కట్ట తీసుకుని లోపలికి వచ్చేసేదాన్ని. ఆమె మాత్రం, పిల్ల ఉద్యోగంలో చేరాక కూడా, వెళ్లబోతూ అడిగేది: "పిల్ల ఏటి తింతన్నాది?"

మంగళవారం కోడలు సీసా మూత తీసి గంప మీద నీళ్లు చిలకరించింది. "అత్త సల్లనిచ్చీది కాదు. వాడిపోతే ఎవులు కొంతారమ్మా?"

ఆకులన్నీ తడితో నిగనిగలాడుతున్నాయి. నా చెయ్యి వాటిని పక్కకు జరుపుతూ, అడుగున ఎక్కడైనా తల వాల్చిన కట్ట ఉందేమోనని వెతుకుతూనే ఉంది.