తెల్లబడిన పగడం

తొంభైల్లో మేము పురసవాక్కంలో ఉండేవాళ్లం. మావారు ముచ్చటపడి ఉప్పునీళ్ల తొట్టిలో ప్రాణమున్న పగడాన్ని పెంచేవారు. పైన బిగించిన ట్యూబ్‌లైటే దానికి ఎండ. ట్యూబు వెలుగుతున్నా ఏడాదికల్లా దాని సత్తువ తగ్గుతుందని పుస్తకంలో చదివి, మార్చమని పోరాను.

“బాగా వెలగతా ఉండే లైటును ఎవురన్నా పీకి పారేస్తారా? ఊరికే వాదించబాక!” అన్నారు.

ఒకనాడు పక్కింటివాళ్లను పిలిచి, “ఈడ చూడండి, ముత్యం మాదిరి ఎట్ల తెల్లంగా మెరస్తా ఉండాదో!” అని మురిసిపోయారు.

“మెరుపు కాదండీ అది. వెలుతురు చాలక చస్తా ఉండాది,” అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. ఆ సాయంత్రమే కొత్త ట్యూబు తెచ్చి బిగించారు. పగడం కోలుకోలేదు. ఆయన మళ్లీ దేన్నీ పెంచలేదు.

ఆయనతో ఎన్నో వాదనలు గెలిచాను. ఆ ఒక్కటీ ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేదో!