కత్తి పట్టిన ఎల్లవ్వ

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, సూరత్‌లో పర్వత్ పాటియా అనే పేటలో, చీరల దుకాణం పై అంతస్తులోని కంప్యూటర్ క్లాసులో, తెర ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాను. వెనక మా శ్రీనన్న నిలబడి ఉన్నాడు. నాకంటే ఏడాది పెద్దే అయినా ‘వాడు’ అనే అంటాను, ఏమీ అనుకోకండి... ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈ గ్రూపులో చిన్ననాటి ముచ్చట్లు అందరూ తియ్యగా రాస్తారు. నాకు చేతకాదు.

తొంభైల చివరి రోజులు... నాకు పద్నాలుగేళ్ళు. మా నాన్నను బాపు అంటాం, తెలంగాణ నుంచి వలసొచ్చి ఇక్కడి మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. మగ్గం మీద పాత బీమ్, అంటే పడుగు పోగులు చుట్టిన దిండు, అయిపోతే కొత్త బీమ్ పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు... ఆ పని అమ్మా నేనూ చేసేవాళ్ళం. శ్రీనన్న మా పెద్దనాన్న కొడుకు, ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. వాడిని మాత్రం పోగు ముట్టుకోమని ఎవరూ అనలేదు.

పోగులతికిన వేళ్ళు కదా, నాకు టైపింగ్ ఇట్టే వచ్చేసింది. మురిసిపోయి బాపు కంప్యూటర్ క్లాసులో చేర్పించాడు. ఒక్కటే షరతు... అక్కడ ఆటలాడినట్టు తెలిస్తే క్లాసు బంద్.

క్లాసులో ఒకే టెలిఫోన్ తీగ మీద నాలుగు కంప్యూటర్లకు ఇంటర్నెట్ వచ్చేది. అందులో ఒక ఆట... బొమ్మల్లేవు, నల్లటి తెర మీద అంతా రాతే. ఏయే దేశాల వాళ్ళో ఒకేసారి ఆడేవాళ్ళు. పేరు పెట్టుకుని, ఒక వృత్తి ఎంచుకుని, కోటలోకి వెళ్ళాలి. ‘ఉత్తరానికి పో’ అని టైప్ చేస్తే పోతాం, ‘కొట్టు’ అంటే కొడతాం. శ్రీనన్న క్లాసులో చేరలేదు గానీ, అక్కడ నేర్చుకునే ఇద్దరు గుజరాతీ దోస్తుల వెంట ఆదివారాలు వచ్చి, వాళ్ళతో పాటు అప్పటికే అందులో మునిగిపోయాడు. ముగ్గురూ కత్తివీరులే. గాయాలకు మందు వేసే దిక్కు లేక వారం వారం ముగ్గురూ చచ్చేవాళ్ళు.

అప్పుడు నేను గుర్తొచ్చాను.

"జర నువ్వు గూడ రా చెల్లే. నువ్వు వైద్యం చేసేదానివి. మేం కొట్లాడుతం, నువ్వు ఎనక నిలవడి మమ్ముల బతికిస్తవు. గంతే పని."

గంతే పని... కార్ఖానాలో పోగులతకడం నాదే, ఇంట్లో వాడి చొక్కాకు గుండీలు కుట్టడం నాదే. ఎక్కడుందో తెలియని ఆ కోటలోనూ నాకు ఇదేనా?

వారమంతా తేల్చుకోలేకపోయాను. ఆడాలని ప్రాణం కొట్టుకునేది. బాపుకు తెలిస్తే క్లాసు పోతుంది, క్లాసు పోతే ఇక పోగులే. వాళ్ళకు వైద్యం చేసే పనికి ఒప్పుకుంటే శ్రీనన్న నోరు మూసుకుంటాడు... వాడు చెప్పకపోయినా నాకు అర్థమైంది. అడ్డంగా తల ఊపి ఊరుకుంటే ఏ గొడవా లేదు. అదీ చేతకాలేదు.

ఆదివారం వచ్చింది. తెర మీద పేరు అడిగింది. మా బాపమ్మ పేరు పెట్టాను, ఎల్లవ్వ. ఊళ్ళో ఆమె నోటికి పట్వారీ కూడా జడిసేవాడట. పాస్‌వర్డ్ అడిగితే కొట్టాను. వెనకనుంచి వాడు నా వేళ్ళే చూస్తున్నాడన్న ధ్యాస నాకు లేదు.

తరవాత వృత్తి. ఒకటి కత్తి, నాలుగు వైద్యం. ఒకటి నొక్కాను. ‘ఒకసారి ఎంచుకుంటే మార్చలేరు, ఖాయమేనా?’ అంది.

"నాలుగు నొక్కు," అన్నాడు శ్రీనన్న మెల్లగా. "లేకుంటే కాకకు చెప్త." కాక అంటే చిన్నాన్న, మా బాపు.

ఖాయం అని నొక్కాను.

ఇరవై నిమిషాలు ఆడాను. ఎల్లవ్వ వంతెన మీద ఒక తోడేలును చంపింది. ఎవరో దేశంకాని దేశం మనిషి ఈ పేరేమిటని అడిగితే, వచ్చీరాని ఇంగ్లిషులో మా నాయనమ్మ అని రాశాను... అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు.

శ్రీనన్న అన్నంత పనీ చేశాడు. బాపు అరవలేదు, కొట్టలేదు. ఆడినవా అని అడిగాడు, ఆడానన్నాను. రేపట్నుంచి పోవద్దన్నాడు. వాడూ ఆడతాడు కదా అంటే, వాడు మొగపిలగాడు అన్నాడు.

ఫీజు కట్టేసిన క్లాసు ఇంకా నెల మిగిలి ఉంది. కార్ఖానాలో ఒక మనిషి రాకపోతే మగ్గాన్ని ఖాళీగా ఉంచరు, వాడి బదులు ఇంకొకడు నిలబడతాడు. వాడిని బద్లీ అంటారు. శ్రీనన్నకు ఆ మాట బాగా పనికొచ్చింది.

"మిషన్ ఖాళిగ ఎందుకుండాలె కాకా? నేను బద్లీ కూసుంట."

బాపుకు అది న్యాయంగానే తోచింది.

బద్లీకి ఒక మర్యాద ఉంటుంది... అసలు మనిషి రాగానే లేచి జాగా ఇవ్వాలి. నన్ను మళ్ళీ ఎవరూ పంపలేదు, వాడు లేవలేదు. కొన్నాళ్ళకు వాడి గుజరాతీ దోస్తు బజార్లో కనబడి, మీ ఎల్లవ్వ ఇప్పుడు కోటకే సర్దార్, శ్రీను భలే ఆడిస్తున్నాడని చెప్పాడు. నా పాస్‌వర్డ్ కూడా వాడి దగ్గరే ఉందన్నమాట. ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చుని పోగులు అతికాను. ఆ పూట ఎన్ని తెంపానో లెక్కలేదు.

మొన్న ఒక పెళ్ళిలో శ్రీనన్న నా కూతురికి చెప్తున్నాడు... "గప్పట్లనే మేం ఆన్‌లైన్ ఆటలు ఆడినం బిడ్డా. నాకో కత్తివీరురాలుండె, కోటంత దానికి బుగులువడి దాసుకుంటుండె." పిల్ల నోరు తెరుచుకుని వింటోంది. వాడు నన్ను చూసి మామూలుగా నవ్వాడు. ఆ మొహంలో ఇంత సిగ్గు గానీ, బెరుకు గానీ లేదు. ఆమె నిజంగా తనదే అనుకుంటున్నాడు... దొంగతనమైనా క్షమిస్తానేమో గానీ, ఈ మరపును క్షమించలేను.

ఇప్పుడు మా అమ్మాయి ఎవరినీ అడగకుండా ఆట మొదలుపెడుతుంది, నచ్చిన వృత్తి ఎంచుకుంటుంది, నచ్చకపోతే మానేస్తుంది. వారం రోజులు గుండె చేత్తో పట్టుకుని ఆలోచించాల్సిన పని లేదు. కాలం మారింది, సంతోషమే... నా ఇరవై నిమిషాల తరవాత నేను ఆడాల్సిన ఆటనే ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

మీ జాగాలో కూర్చుని లేవని బద్లీలు మీ చిన్నతనంలోనూ ఉండే ఉంటారు. కింద కామెంట్లలో రాయండి, మొహమాటపడకండి... మా శ్రీనన్న కూడా ఈ గ్రూపులోనే ఉన్నాడు, చదువుతాడు.