పేరు చూసి కలుపు

మా చర్చి సంఘ కార్యదర్శి గారికి గర్వకారణాలు రెండు. ఒకటి రైల్వేలో గుమాస్తాగా రిటైరవడం, రెండోది చెన్నైలో ఉన్న అల్లుడు కొనిచ్చిన ల్యాప్‌టాప్. ఈ రెండూ కలిసి బిట్రగుంట దగ్గరి మా పేటలో బతికున్న మనిషిని పూడ్చేశాయి.

చర్చి పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని ఆయనే పట్టుబట్టాడు. స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సలహాకి కాదు, మెచ్చుకోవడానికి. బతికున్న సభ్యుల ఫైలు ముందే ఎక్కింది. చనిపోయినవాళ్ల ఫైలు ఎక్కించేటప్పుడు తెర మీద ప్రశ్న వచ్చింది: ప్రతి వరసనూ కొత్త మనిషిగా చేర్చాలా, పేరు కలిస్తే పాత మనిషి వివరాల్లోనే కలిపేయాలా?

"కొత్తగా చేర్చండి సార్. మన పేటలో ఒక్కో పేరు ఎంతమందికుందో మీకు తెలీదా" అన్నాను.

తాతల నాడు పేటంతా ఒకేసారి బాప్తిస్మం తీసుకుని, ఉన్న నాలుగు బైబిలు పేర్లనే పంచుకుంది. ఇంటిపేర్లూ అవే. అందుకే పాత పుస్తకంలో పేరు పక్కన గేటు కాడామె, ఉప్పుగుంట ఇంటామె అని రాసుకునేవాళ్లు. ఆ మాటలు మోటుగా ఉన్నాయని, టైపు చేసేటప్పుడు ఈ మహానుభావుడు తీసిపారేశాడు.

"ఒకే మనిషి రెండుసార్లు వస్తే ఏం బాగుంటుంది? నీకంటే కంప్యూటర్‌కి తెలుసులే" అని కలిపేయమని నొక్కాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి.

గేటు కాడామె ఎప్పుడో పోయింది. ఉప్పుగుంట ఇంటామె మా పెద్దమ్మ, నిక్షేపంగా ఉంది. ఇద్దరిదీ ఒకే పేరు. ఆ నొక్కుడుతో ఇద్దరూ ఒక్కరయ్యారు.

మా సమాధుల తోటలో భర్త పక్కన భార్యకు చోటు వదిలిపెట్టడం ఆచారం. పెదనాన్న పోయినప్పటి నుంచి పెద్దమ్మకు ఉన్న ఆశ అదొక్కటే. కంప్యూటరేమో ఆమెను ఇంకో సమాధుల వరసలో ఎప్పుడో పూడ్చేశామని, ఆయన పక్కన చోటు ఖాళీ అని చూపించింది. ఆమె మనవరాలి కానుపుకని దొరవారిసత్రం వెళ్లి ఉండగా, కమిటీ ఆ చోటును ఇంకొకరి తల్లికి ఇచ్చేసింది. నాకు తెలిసేసరికి మట్టి కప్పేశారు. వారం వారం పెద్దమ్మ చేతికి ప్రభురాత్రి భోజనం అందించిన పెద్దలే వీళ్లు. థూ, ఏం బతుకులు!

అడిగితే కార్యదర్శి గారు తొణకలేదు. "రికార్డు ప్రకారమే ఇచ్చినాం. ఆమెకు గోడ వైపు చూద్దాంలే" అన్నాడు.

ఈస్టరుకు ముందు పెదనాన్న సమాధికి సున్నం కొట్టడానికి వచ్చి, పెద్దమ్మ ఆ కొత్త సమాధి చూసింది. సంగతంతా చెప్పాను. విని, రెండు సమాధులకూ సున్నం కొట్టింది.

"ఆయమ్మ ఏం చేసింది పాపం" అంది.

మిగిలిన సున్నం బకెట్టు పట్టుకుని నేరుగా కార్యదర్శి గారి వరండాలోకి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను.

"అయ్యా, నాదానికీ ఒక పూత కొట్టుకుంటా. నన్ను యాడ పూడ్చినారో చూపించు" అంది.

ఆ పెద్దమనిషి ఆమె మొహం వైపు చూడనే లేదు. ల్యాప్‌టాప్ తెరిచి, ఆమె పేరు కొట్టి, సమాధి ఏ వరసలో ఉందో వెతకసాగాడు.