నాకు రానిది

తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్‌లతో దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు మూతపడితే, సర్కారు ఉద్యోగానికి చదివే నలుగురు సైదాబాద్‌లో ఒక మేడమీద కలిసి చదువుకునేవారు. నేనూ చేరదామని వెళ్లి, రంగు పెన్నులతో రాసుకున్న నా నోట్సు గర్వంగా వాళ్ల ముందు పెట్టాను.

వాళ్లలో పెద్దామె దాన్ని తెరవనైనా లేదు. "గిది మాకెందుకు తమ్మీ? నీకు రానిదేందో చెప్పు. ఈడ అందరం గదే చెప్పుకుంటం."

"నాకన్నీ వచ్చు."

"మరి మాతోని ఏం పని?"

చిర్రెత్తుకొచ్చి మెట్లు దిగాను. బస్సుల్లేవు. ఎల్బీనగర్‌లోని గదికి వాళ్లను తిట్టుకుంటూ నడిచాను. కొత్తపేట వచ్చేసరికి తిట్లు అయిపోయాయి.

మర్నాడు, వందకు పన్నెండు మార్కులొచ్చిన నా లెక్కల పేపరు పట్టుకెళ్లాను.

"నాకు తొమ్మిదే," అంటూ ఆమె చాపమీద జరిగి చోటిచ్చింది.