తీగ మాయమయ్యే వేడి

డెబ్బైలలో నేను హైదరాబాదులో శాలిబండ వెనక ఒక కార్ఖానాలో పనిచేసేవాణ్ణి. రేకులు కత్తిరించే ఉక్కు అచ్చులను భట్టీలో కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచడం మా పని. వేడి చాలకపోతే అచ్చు మెత్తగా మిగిలిపోతుంది, మించితే నూనెలో పడగానే పగులుతుంది. ఆ వేడికి మామూలు థర్మామీటరు నిలవదు కాబట్టి, దూరం నుంచే చూసి కొలిచే దుర్భిణి ఒకటి ఉండేది. దాన్లోంచి భట్టీ కంతలోకి చూస్తే ఎర్రటి వెలుగు మీద సన్నని తీగ నల్లగా కనిపిస్తుంది. పిడి తిప్పితే తీగలో కరెంటు పెరిగి అదీ వెలుగుతుంది. రెండు వెలుగులూ ఒకటైన క్షణాన తీగ మాయమవుతుంది. అప్పుడు పక్కనున్న మీటరు ముల్లు చూపించేదే భట్టీ వేడి.

మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. తీగ అక్కడే ఉంది, కాని లేదు. భట్టీ నిండుగా కాగితే లోపల మేమే పేర్చిన అచ్చులూ, గోడలూ కూడా అలాగే కలిసిపోయేవి. ఒట్టి వెలుగు మిగిలేది. దాన్లోకి ఎక్కువసేపు చూడాలంటే నాకు భయం.

చూడటం ఉస్తాద్ పని. అరవై దగ్గరపడిన మనిషి, నాకు పని నేర్పినవాడు. ఆయన పిడి తిప్పి "మాయమైంది తమ్మీ" అంటే నేను ముల్లు చూసి పుస్తకంలో రాసేవాణ్ణి. దుర్భిణిని తుడవడం, సెల్లులు మార్చడం నా బాధ్యత.

ఆ ఎండాకాలం ఒక విడత సరుకు మెత్తగా వచ్చింది, తర్వాతి విడత మొత్తం పగిలింది. పుస్తకంలో మాత్రం రోజూ అదే అంకె, ఒక్క గీత అటూ ఇటూ లేదు. కార్ఖానా యజమాని సేఠ్ నా మీద విరుచుకుపడ్డాడు. "ఉస్తాద్ నజర్ ముప్పై ఏండ్ల సంది తప్పలే. నీ దుర్భిణే ఖరాబైంది. ఇంకోపారి సరుకు చెడితే నువ్వు రాకు" అన్నాడు. ఉస్తాద్ పక్కనే ఉండి ఒక్క మాట అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు.

మర్నాడు కసికొద్దీ దుర్భిణిని మొత్తం విప్పి తుడిచాను. మధ్యాహ్నం ఉస్తాద్ దానికి కన్ను ఆనించాడు. భట్టీ వెలుగు ఆయన చెంప మీద వణుకుతోంది. పిడి నెమ్మదిగా తిరిగి, రోజూ ఆగే చోటే ఆగింది.

"మాయమైంది తమ్మీ. రాసుకో."

ముల్లు సున్నా మీద ఉంది. సెల్లులు కిటికీ గట్టు మీదే ఉన్నాయి. తుడిచి, తిరిగి పెట్టడం మరిచిపోయింది నేనే. తీగలో కరెంటే లేదు. ఆ మంట ముందు అది నల్లగా, ఎవరికైనా కనిపించాలి. ఉస్తాద్ రెప్ప వేయకుండా ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఇన్నాళ్లూ నేను రాసింది భట్టీ వేడి కాదు, ఆయన చేతి అలవాటు.

"ఎంతుంది?" అన్నాడు.

సేఠ్ గుమ్మం బయటే అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఒక్క కేక వేస్తే నా పని నిలబడేది. నోటిదాకా వచ్చింది కూడా.

"ఇంక జర ఆగాలె ఉస్తాద్" అన్నాను. దుర్భిణిని ఆయన చేతిలోంచి తీసుకుని, సెల్లులు పెట్టి నేనే చూశాను. వేడి నిజంగానే ఇంకా అందలేదు. ముల్లును కావలసిన అంకె మీద నిలిపి, తీగ మాయమయ్యేదాకా కన్ను తీయలేదు.

సరుకు ఒక్కటీ చెడలేదు. సేఠ్ ఉస్తాద్ వీపు తట్టి, "నజరంటే గిదీ!" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రం ఇళ్లకు నడుస్తుంటే ఉస్తాద్ నా భుజం మీద చేయి వేశాడు. మంచి చేసుకోవాలని చూస్తున్నాడనుకుని మొహం తిప్పుకున్నాను. మురుగు పారే మోరీ దాటాం, బస్సులు తిరిగే రోడ్డు దాటాం, చేయి తీయలేదు. మెట్టు వచ్చినప్పుడల్లా వేళ్లు నా చొక్కాను గట్టిగా పట్టుకున్నాయి.

తన ఇంటి ముందుకొచ్చాక, తలుపనుకుని గోడను తడుముతూ, "ఇంట్ల ఎవలకు తెల్వదు తమ్మీ" అన్నాడు మెల్లగా. "పొద్దుగాల గిట్లనే వచ్చి తీస్కపోతవా?"