తప్పిపోయినవాళ్ల చెట్టు

నా బల్ల మీద స్టీలు డబ్బాలో గుప్పెడు ఎండిన ఇప్పపూలున్నాయి. మూత తీస్తే పులిసిన బెల్లంలాంటి వాసన వస్తుంది. అది నా చిన్ననాటి ఊరి సెంటర్ వాసన.

భద్రాచలం అడవి అంచున మా ఊళ్లో మూడు మట్టిదారులు కలిసే ఆ సెంటర్లో పెద్ద ఇప్పచెట్టుండేది. సంతరోజు పినపాక వైపు పల్లెల ఆడవాళ్లు ఎండాకాలం తునికిపండ్లు, వానల్లో కూరకు లేత వెదురుకొమ్ములు, చలి మొదలవగానే సీతాఫలాలు గంపలకెత్తుకుని దిగేవారు. అడ్డాకుల పచ్చివాసన, ఎండుచేపల వాసన, బజ్జీల నూనెపొగ అన్నీ ఆ నీడలోనే కలిసేవి. చెట్టు మొదట్లో, గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలున్న ముత్తమ్మ గంప ముందేసుకుని కూర్చునేది. సంతలో ఎవరు తప్పిపోయినా ఆ చెట్టు కిందికే చేరాలి. అది అందరికీ తెలిసిన కట్టుబాటు.

ఆరేళ్లప్పుడు గాజుల దుకాణం ముందు అమ్మ కొంగు వదిలేసి నేనూ అక్కడికే ఏడుస్తూ చేరాను. ముత్తమ్మ నా చేతిలో తునికిపండు పెట్టింది.

"ఏడ్వకురా. మీ అమ్మకు కాళ్లున్నయ్, ఈడికే వస్తది. నువ్వు కదిలితేనే కష్టం."

పండు అయిపోకముందే అమ్మ వచ్చి వీపు మీద ఒక్కటేసింది.

పెద్దయ్యాక నాకు రోడ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం వచ్చింది. మా సెంటర్ వెడల్పు చేసే పని నా బల్ల మీదికే వచ్చినప్పుడు, కొలతలు తీసే ఓపిక లేక, వేరే టౌన్ డ్రాయింగ్ ముందేసుకుని ఊరి పేరు మాత్రం మార్చాను. ఆ కాగితంలో చెట్టు లేదు, కాబట్టి మా ఊళ్లోనూ లేకుండా పోయింది. సంత ఊరి చివర రేకుల షెడ్డుకు పోయింది. ముత్తమ్మ వాళ్ల పల్లెల్లో చేను మధ్య ఇప్పచెట్టున్నా కొట్టరు, నాగలినే దాని చుట్టూ తిప్పుకుంటారు. నేను ఒక్క గీత తిప్పలేదు. నన్నెవరూ తొందరపెట్టలేదు కూడా. ఆ సాయంత్రం పెందలాడే ఇంటికి పోవాలనిపించింది, అంతే.

మొన్న ఎండాకాలం మధ్యాహ్నం, సెంటర్లో డివైడర్ పక్కన మూట పట్టుకుని నిలబడ్డ ఒక ముసలమ్మ గడ్డం మీద ఆ మూడు చుక్కలు కనిపించాయి. ముత్తమ్మే. సంత మారాక ఇటువైపు రానేలేదట. ఇప్పుడు దవాఖానాకు వచ్చి మనవరాలి నుంచి తప్పిపోయిందట.

"చెట్టు కాడ నిలబడదామని వచ్చిన. ఆటోవాడు వేరే ఊర్ల దించిండా ఏంది, కొడకా?"

"ఇదే ఊరు, అవ్వా. చెట్టు ఎవరో కొట్టేసిండ్రు." ఆ అబద్ధం నోట్లో నిలవలేదు. "ఎవరో కాదు. ఆ ప్లాన్ గీసింది నేనే."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"గింత సదువు సదివినవ్, చెట్టు సుట్టు తిరిగి పోవుడు నేర్పలేదారా నీకు?"

ఎదురుగా దుకాణం నీడలోకి రమ్మన్నాను. రానంది. "నేను కదిలితే పిల్ల యాడ ఎతుకుతది?"

గొడుగు కొని తెచ్చి ఆమె మీద పట్టి నిలబడ్డాను. గంటకు పైగానే అయ్యాక మనవరాలు ఏడుస్తూ వచ్చింది.

"చెట్టే లేదు గదనే! నువ్వు ఈడికొస్తవని నాకెట్ల ఎరుక?"

పోతూ పోతూ ముత్తమ్మ మూట విప్పి ఈ గుప్పెడు పూలు నా చేతిలో పోసింది. తిట్టనైనా లేదు.

ఇప్పుడు మా సెంటర్లో రంగు లైట్లు, స్టీలు రెయిలింగ్, రంగు అక్షరాల్లో ఊరి పేరు ఉన్నాయి. చుట్టుపక్కల టౌన్లలోనూ అవే. ఆ పేరు చదివితే తప్ప ఏ ఊళ్లో దిగామో తెలియదు. నిన్న ఇంకో ఊరివాళ్లు ఫోన్ చేసి అదే డ్రాయింగ్ పంపమన్నారు. మీ ఊళ్లో తప్పిపోయినవాళ్లు ఎక్కడ నిలబడతారని అడిగాను. జోకనుకుని నవ్వారు. ఇంకా పంపలేదు.