మేనేజరు మా బావ

పోయిన బుధవారం మధ్యాహ్నం నేను మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుండగా పశువుల ఆసుపత్రి అటెండరు సైకిలు మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "సార్, కాంపౌండరు గారు పోయారండి," అన్నాడు. ఆ కాంపౌండరు మా బావ, అంటే మా అక్క భర్త. మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు రెండేళ్లుగా మేనేజరు కూడా. నెమలి అనే ఊరికి వెళ్లే దారిలో ఒక రైతు ఇంట్లో గేదె ఈనలేక అవస్థ పడుతుంటే పొద్దున్నే వెళ్లాడట. దూడను బయటికి తీసి, చేతులు కడుక్కుని, మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడట. చెంబు తెచ్చేలోపే పక్కకు ఒరిగిపోయాడట. గేదె, దూడ రెండూ బాగానే ఉన్నాయని కూడా అటెండరు చెప్పాడు.

ఆ కబురు వినగానే నాకు ముందు గుర్తు రావలసింది మా అక్క. నాకు గుర్తొచ్చింది మాత్రం ఆదివారం మ్యాచ్. జట్టు ఇక ఎవరు వేస్తారు అనుకున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా పోయినవాడి గురించి నాలుగు మంచి మాటలు రాసి చేతులు దులుపుకుంటే మీకు మా బావ సగమే తెలుస్తాడు. ఆయన్ని చూసి నేను ఎంత కుళ్లుకున్నానో చెబితే మిగతా సగం తెలుస్తుంది.

బావకు మా తిరువూరు బదిలీ అయినప్పుడు మైదానానికి తీసుకెళ్లి అందరికీ పరిచయం చేసింది నేనే. అప్పటికి మా క్లబ్బు మేనేజరు మిషన్ బడి హెడ్మాస్టరు గారు. మ్యాచ్‌కి ముందురోజు సాయంత్రం బస్టాండు దగ్గరి టీ హోటల్లో, ఇడ్లీ, పెసరట్టు ధరలు రాసే నల్లబోర్డు కింది సగంలో పదకొండు పేర్లు రాయడం మాకు ఆనవాయితీ. జనం అక్కడ చేరి, పేర్లు చదివి, టీ తాగి, పోట్లాడుకుని ఇళ్లకు పోయేవారు. హెడ్మాస్టరు గారు పేర్లు చెబుతుంటే ఆరేళ్లపాటు బోర్డు మీద రాసింది నేను. నా చేతిరాత బాగుంటుంది. చెప్పిన పేర్లలో ఒకటీ అరా మార్పించేవాణ్ణి కూడా. అందుకని, ఎమర్జెన్సీ ఎత్తేసిన వేసవిలో హెడ్మాస్టరు గారికి బదిలీ అవగానే, రాబోయే మేనేజరు నేనేనని ఊళ్లో తీర్మానం అయిపోయింది. హోటలాయన టీ ఇస్తూ "తీసుకోండి మేనేజరు గారూ" అనడం మొదలుపెట్టాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు నేనొక తెల్ల బెల్‌బాటమ్ ప్యాంటు కుట్టించుకున్నాను.

ఒక శనివారం వెళ్లి చూస్తే బోర్డు మీద కొత్త మేనేజరు అని మా బావ పేరు ఉంది. హోటల్ అప్పటికే గోలగోలగా ఉంది.

"గేదెలకు సూదులేసేవాడు ఆటగాళ్లకేం చెబుతాడండీ?" అన్నాడొకడు.

"మనవాళ్లు పరిగెత్తేదీ గేదెల్లాగేగా. సరిపోద్దిలే," అన్నాడు ఇంకొకడు.

"ఊళ్లోకొచ్చి ఏడాది కాలేదు. ఏం చెప్పి కమిటీని బుట్టలో వేశాడో."

అందరూ నా వైపు చూశారు. "మా బావ కదా, నేనేం అంటాను," అన్నాను. అలా అంటే అన్నీ అన్నట్టేనని నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు.

ఆ సాయంత్రం బావే మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, తిన్నగా విషయంలోకి దిగాడు.

"కమిటీవాళ్లు ముందు నీ పేరే అనుకున్నారు బామ్మర్దీ. నన్నడిగితే వద్దన్నాను."

"నువ్వే వద్దన్నావా?"

"నేనే. వేరేవాళ్ల నోట వినే బదులు నా నోటే వింటావని వచ్చా."

"నేనేం తక్కువ చేశాను బావా?"

"తక్కువేం చెయ్యలేదు. గెలుపంటే నీకు ఒళ్లు తెలీదు. కుంటెద్దునైనా తెచ్చి కాడికి కడతావు."

ఆయన చెబుతున్నది ఎవరి సంగతో నాకు తెలుసు. అంతకుముందు ఏడాది మా ఫుల్‌బ్యాక్‌కి మోకాలు వాచి ఉంటే, ఆడగలడని హెడ్మాస్టరు గారికి నచ్చజెప్పి అతని పేరు బోర్డు మీద రాసింది నేనే. ఆ మ్యాచ్ గెలిచాం. ఆ మోకాలు మళ్లీ సరిగా వంగలేదు. ఇప్పుడతను టూరింగ్ టాకీస్ గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని టికెట్లు చింపుతున్నాడు. బావ చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆ రోజు నుంచి నేను మా అక్క గడప తొక్కలేదు.

బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు పెద్దలు. ఈ రెండేళ్లూ నేను బావమరిది వరసలో ఉండి దాయాది పని చేశాను. ఆయన దగ్గరున్న అన్నిటి మీదా నా కన్ను పడేది. మా అమ్మ, ఆయన వచ్చిన రోజున పెరుగు మీది మీగడంతా ఆయన విస్తట్లో వేసేది. మామిడికాయల రోజుల్లో రెడ్డిగూడెం నుంచి కూడా రైతులు ఆయనింటికి గంపలు దింపేవారు. పదిహేనేళ్లుగా ఈ ఊరి పిల్లలకు చదువు చెబుతున్నాను, నాకెవరూ ఒక టెంకె ఇచ్చిన పాపాన పోలేదు. ఆఖరికి నా క్లాసు పిల్లలు కూడా చేతులు వెనక్కి కట్టుకుని ఆయనలా నడవడం నేర్చుకున్నారు. వాళ్లకు ఆ వారం గుంజీళ్లు ఎక్కువే పడ్డాయి.

ఆయన మేనేజరైన ఏడాది చలికాలంలో విస్సన్నపేటలో మ్యాచ్. మా సెంటర్ ఫార్వర్డ్, మిషన్ కాంపౌండు కుర్రవాడు, పొలం పనిలో చీలమండ బెణికించుకుని వచ్చాడు. బావ అతన్ని నేల మీద కూర్చోబెట్టి, దూడ కాలు చూసినట్టే ఆ కాలు ఒళ్లో పెట్టుకుని నొక్కి చూశాడు.

"నొప్పేం లేదండి," అన్నాడు కుర్రవాడు.

"నోరున్నవాడు అబద్ధం చెబుతాడు. కాలు చెప్పదు," అని బావ అతన్ని పక్కన కూర్చోబెట్టాడు.

ఆట మొదలైన కాసేపటికి "సెంటర్ ఫార్వర్డ్‌ని దింపండి" అని గట్టు మీంచి ఒక కేక లేచింది. ఆ కేక నాది. తర్వాత యాభై మంది అందుకున్నారు. బావ వెనక్కి తిరిగి చూడలేదు, కుర్రవాణ్ణి దింపలేదు. ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. తిరిగొచ్చే బస్సులో ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. బస్సు ఇంకా ఊరు దాటకముందే వెనక సీట్లోంచి ఎవరో గేదెలా అరిచారు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

బావ చెవి ఒగ్గి విని, "ఇది నొప్పి అరుపు కాదండీ, ఆకలి అరుపు," అన్నాడు. "డ్రైవరు గారూ, సెంటర్లో ఆపండి, పకోడీ తిందాం. గెలిచిన రోజు ఎలాగూ తింటాం. ఓడిన రోజే తినాలి."

ఈసారి బస్సు ఇంకా గట్టిగా నవ్వింది, ఆయన పక్షాన నవ్వింది. అందరూ దిగి పకోడీలు తిన్నారు. నేను కడుపులో బాగా లేదని సీట్లోనే ఉండిపోయాను. ఉల్లిపాయ వాసన కిటికీలోంచి వస్తూనే ఉంది. ఆ గేదె అరుపును నవ్వుతో తిప్పికొట్టే తెలివి నాకు లేదే అని దానికి కూడా ఏడ్చాను.

ఆ తర్వాత గెలుపులు వచ్చాయి. హోటల్ బోర్డు దగ్గర పోట్లాటలు తగ్గాయి. "అక్షరాలు వంకర, జట్టు తిన్నన," అనేవాడు హోటలాయన, నేను పక్కనే టీ తాగుతున్నానని కూడా చూడకుండా.

నేను వాళ్లింటికి పోకపోయినా బావ మా ఇంటికి రావడం మానలేదు. ప్రతి శనివారం బోర్డు రాయడానికి వెళ్తూ మా గేటు దగ్గర ఒక కాలు నేల మీద ఆనించి సైకిలు ఆపేవాడు.

"బామ్మర్దీ, ఈ వారం నీ జట్టు చెప్పు."

"మేనేజరువి నువ్వు. నన్నడుగుతావేంటి?"

"అడగడం నా పని. చెప్పకపోవడం నీ ఇష్టం."

అంతే, వెళ్లిపోయేవాడు. ఎగతాళికి అడుగుతున్నాడని మా ఆవిడతో అనేవాణ్ణి. శుక్రవారం రాత్రే నా జట్టు నా బుర్రలో తయారుగా ఉండేదని ఆవిడకూ చెప్పలేదు. సైకిలు బెల్లు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుని, తీరా అడిగాక నాలుక చివరిదాకా వచ్చిన పదకొండు పేర్లూ మింగేసేవాణ్ణి. ఆయన పోయే ముందటి శనివారం కూడా అలాగే మింగేశాను. ఆ ఒక్కసారైనా చెప్పి ఉండవలసింది.

దహనానికి ఊరు ఊరంతా వచ్చింది. విస్సన్నపేట ఆటగాళ్లు బస్సెక్కి వచ్చారు. పాడె మోస్తున్న నలుగురిలో నేనొకణ్ణి. భుజం మీద ఆయన బరువు ఉండగానే, నేను పోతే ఇంతమంది వస్తారా అన్న ఆలోచన వచ్చింది. మనిషి బుద్ధి ఎక్కడికి తీసుకెళ్లినా మారదు. ఇంటికొచ్చాక అక్క నా మొహంలోకి చూసి, "ఇంక నీకు పోటీ ఎవరూ లేర్రా," అంది. కోపంగా అన్నా బాగుండేది. నిదానంగా అంది.

శుక్రవారం కమిటీవాళ్లు వచ్చి మేనేజరుగా ఉండమన్నారు. సరేనన్నాను. వద్దనాలని అనిపించలేదు, దాచుకోవడం దేనికి. శనివారం బోర్డు మీద నా చేతిరాతతో పేర్లు రాశాను. వచ్చినవాళ్లు చదువుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

ఆదివారం మధిర జట్టుతో మా మైదానంలో ఆట. లెఫ్ట్ హాఫ్ మడమ ఈడుస్తున్నాడని అతన్ని పక్కన కూర్చోబెట్టాను. పది నిమిషాలు గడిచాయో లేదో గట్టు మీద మొదలైంది.

"కాంపౌండరు గారుంటే ఇలా చేసేవారా?"

"ఆయనుంటే వాణ్ణి దింపేవారండీ."

ఆయనుంటే ససేమిరా దింపేవాడు కాదు. ఆ సంగతి చెబితే వినేవాడు లేడు. గట్టు మీంచి అలా అరవడం వాళ్లకు నేర్పిందీ నేనే. బతికున్నవాడి మీద ఎప్పుడో ఒకప్పుడు పైచేయి సాధిస్తానని రెండేళ్లు ఆశ పెట్టుకున్నాను. పోయినవాడి మీద సాధించే దారి లేదు.

హాఫ్‌టైమ్ విజిలు వేశారు. నేను పడమటి వైపు, కుర్చీల దగ్గర, నిమ్మరసం కలిపిన నీళ్ల బకెట్టుతో నిలబడ్డాను. బావ ఏనాడూ కుర్చీల వైపు వచ్చినవాడు కాదు. తూర్పు వైపు తుమ్మచెట్టు నీడలో గొంతుక్కూర్చుని ఆట చూసేవాడు, హాఫ్‌టైమ్‌లో ఆటగాళ్ల కాళ్లు అక్కడే పట్టి చూసేవాడు. ఆటగాళ్లు పదకొండు మందీ చెమటలు తుడుచుకుంటూ అటే నడిచారు. చెట్టు కిందికి చేరి, మధ్యలో ఒక మనిషికి చోటు వదిలి, చుట్టూ కూలబడ్డారు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, ఒకరిద్దరు తలలెత్తి నా వైపు చూశారు. ఎవరూ లేవలేదు.

నా పక్కన గట్టు మీద ఆ పాత ఫుల్‌బ్యాక్ వంగని కాలు ముందుకు చాపుకుని కూర్చుని ఉన్నాడు. "వాళ్లు రారండి. మీరే వెళ్లాలి," అన్నాడు.

బకెట్టు ఎత్తుకుని మైదానానికి అడ్డంగా నడిచాను. ఎండ మాడ్చేస్తోంది. సగం దూరం వెళ్లేసరికి గట్టు మీద మాటలు ఆగిపోయాయి. చెట్టు కింద బకెట్టు దింపి, వాళ్లు వదిలిన చోటులో కాకుండా దాని పక్కన కూర్చున్నాను. సెంటర్ ఫార్వర్డ్ గ్లాసు అందుకుని, నా మొహం చూడకుండానే, అలవాటు కొద్దీ కాలు నా ఒళ్లోకి చాపాడు. ఆ కాలు ఎలా పట్టుకుని చూడాలో నాకు తెలియలేదు.